పిట్ట కింద చుక్క

ఆ చిత్రశాలలో ఉద్యోగం ఇచ్చినప్పుడు ఆవిడకి చెప్పిన పని చాలా చిన్నది. మూడో గదిలో కుర్చీలో కూర్చోవాలి. వచ్చినవాళ్ళు చిత్రాలను ముట్టుకోకుండా చూడాలి. గంటకోసారి లేచి గదంతా తిరిగి, పుస్తకంలో టైము వేసి 'అన్నీ భద్రం' అని రాసి సంతకం పెట్టాలి. ఈ పనికి అనుమానపు బుద్ధి ఉండాలని ఎవరూ అడగలేదు, దాన్ని ఆవిడ ఇంటి దగ్గర నుంచే తెచ్చుకుంది.

తోటివాళ్ళు పెట్టిన పేరు భూతద్దం. ఎదురుగా 'భూతద్దం అక్కా' అనేవాళ్ళు, చాటున ఉత్త భూతద్దం. ఆవిడకి రెండూ తెలుసు. పాలవాడు నీళ్ళు కలుపుతాడని లోకమంతా అనుమానిస్తుంది. ఆవిడ మాత్రం పాలు చిక్కగా ఉన్న రోజున, వీడు ఇవాళ ఎందుకు కలపలేదా అని దిగులు పడేది. బస్సులో పక్కమనిషి నవ్వితే సంచీ ఒళ్ళోకి లాక్కునేది. కూతురు అడక్కుండా గిన్నెలు తోమిపెడితే, ఏం పగలగొట్టిందో అని అల్మారా అంతా లెక్కచూసేది. చిన్నవయసులోనే భర్త పోయి, ఏడేళ్ళ పిల్లతో ఒంటరిగా మిగిలినదానికి ఆ మాత్రం జాగ్రత్త ఉండొద్దా అంటారు కొందరు. ఉండాలి, కాదనను. అయితే ఆవిడకి అది జాగ్రత్తగా మొదలై, తర్వాత ఊపిరితో కలిసిపోయింది.

ఉద్యోగంలో చేరిన కొత్తలోనే పుస్తకం పక్కన పెట్టిన పెన్నులు వారానికొకటి చొప్పున మాయం కావడం కనిపెట్టింది. వెంటనే రెండు ఏర్పాట్లు చేసింది. పెన్నుకి పొడుగాటి దారం కట్టి, రెండో కొసని పుస్తకం పెట్టే చిన్నబల్ల కాలికి ముడివేసింది. అందరూ వాడే నీలం మానేసి, సొంతంగా ఊదారంగు బాల్‌పెన్ను తెచ్చి ఆ దారానికి కట్టుకుంది.

"నా పేరు మీద ఇంకెవరైనా సంతకం గీకితే రంగుని బట్టి తెలిసిపోవాలి" అంది.

"నీ సంతకం ఎవరు గీకుతారమ్మా, దేనికి గీకుతారు?" అని అడిగాడు సాయంత్రం డ్యూటీ ఆయన. అడిగిన పాపానికి ఆ రోజు నుంచి ఆయన పేరు కూడా అనుమానితుల జాబితాలో చేరింది.

మూడింటి నుంచి మూసేదాకా ఆ గదికి ఆయనే కాపలా. అందరూ కునుకు బాబాయి అంటారు. నిలబడి కూడా నిద్రపోగలడు. చూసేవాళ్ళకి మాత్రం, ఎదురుగా ఉన్న చిత్రం గురించి తీవ్రంగా ఆలోచిస్తున్నాడనిపిస్తుంది. నిద్రలో కూడా మర్యాదస్తుడు, గురక పెట్టడు.

ఆ గదిలో పదకొండు చిత్రాలు. అన్నిట్లోకీ పెద్దది ఆవిడ కుర్చీ వెనకగోడ మీద, కొంచెం ఎడమవైపు ఉండేది. ఎప్పుడో పోయిన ఒక పెద్ద చిత్రకారుడు వేసిన 'ఖాళీ పడవ'. అడుగున కాస్త నది, ఒడ్డున కట్టేసిన పడవ, మిగతాదంతా సాయంత్రపు ఆకాశం. కుడి చివర, చట్రానికి బెత్తెడు దూరంలో ఒకే ఒక్క పిట్ట. రెండు గీతల పిట్ట. ఎడమరెక్క పొడుగు, కుడిరెక్క పొట్టి, కింద ఒక చుక్క.

కాపలావాళ్ళ గురించి బయటివాళ్ళకి తెలియని సంగతి ఒకటుంది. వాళ్ళు చిత్రాలను చూడరు, చిత్రాలను చూసేవాళ్ళని చూస్తారు. వీపు గోడకి, ముఖం జనానికి. చేరిన మొదటి ఏడాదంతా ఆవిడ ఎవరి చెయ్యి ఎటు పోతోందో, ఎవరి గొడుగు కొస ఎక్కడ తగులుతుందో చూడటంతోనే సరిపోయింది. ఆ పడవ చిత్రాన్ని నిలబడి నింపాదిగా చూసింది రెండో ఏడాదిలోనే. అప్పుడు కనిపించింది పిట్ట. అప్పటి నుంచి ఆవిడకి ఆ పిట్టంటే ప్రాణం. గదిలో ఎవరూ లేనప్పుడు, "ఏమే, ఇవాళ నువ్వూ నేనేనా?" అని పలకరించేది. ఈ ప్రపంచంలో ఆవిడ అనుమానించనిది అదొక్కటే అనుకోవచ్చు.

ఆ పిట్ట మీద మిగతావాళ్ళు పుట్టించిన కథలు ఇన్నీ అన్నీ కావు. చుక్క అంటే పిట్ట నోట్లోంచి జారిన గింజ అని గైడు బడిపిల్లలకి చెప్పేవాడు. కాలేజీ నుంచి వచ్చిన పెద్దాయనొకడు అది చిత్రకారుడి ఒంటరి ఆత్మ అని అరగంట మాట్లాడాడు. గింజా కాదు, ఆత్మా కాదు, పిట్ట రెట్ట అయుంటుందని ఆవిడ లోపల అనుకుంది. సూపరింటెండెంటు అయితే దాన్ని టికెట్ల మీదా, సంచుల మీదా, గేటు మీదా కూడా వేయించాడు. చిత్రశాల గుర్తే ఆ పిట్ట అయి కూర్చుంది.

అలా ఇరవై ఏళ్ళు గడిచాక, చిత్రం మీద వార్నీషు పసుపెక్కిపోయిందని శుభ్రం చెయ్యడానికి దింపారు. అందుకోసం వచ్చిన మనిషిని అందరూ చిత్రాల డాక్టరు అన్నారు. సన్నటి చేతులు, మెల్లటి మాట. ఆ మెల్లటి మాటే ఆవిడకి నచ్చలేదు. రెండు నెలలు కింది గదిలో తలుపేసుకుని పనిచేశాడు. మూడో నెలలో చిత్రాన్ని మళ్ళీ తగిలించారు. ఆకాశం కడిగిన పళ్ళెంలా మెరుస్తోంది. పిట్ట లేదు.

ఆవిడ దగ్గరికెళ్ళి చూసింది. దూరంగా వెళ్ళి చూసింది. తిన్నగా సూపరింటెండెంటు గదికి వెళ్ళింది.

"సార్, పిట్ట ఏదండీ?"

"ఏ పిట్ట?"

ఆయన బల్లమీదున్న టికెట్టే తీసి చూపించింది. సూపరింటెండెంటు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"శుభ్రం చేశారు కదమ్మా, అందుకని అలా ఉంది. మీరు వెళ్ళి మీ పని చూసుకోండి."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం గురించి వినడమే గాని, కళ్ళజోడు తడుముకోవడం ఆవిడ అప్పుడే చూసింది. మర్నాటికి టికెట్లు మారిపోయాయి. కొత్తవాటి మీద ఉత్త పడవ. గైడు పిల్లలని గింజ దాకా తీసుకెళ్ళకుండా పడవ దగ్గరే ఆపేస్తున్నాడు. చిత్రాల డాక్టరు మెట్ల మీద ఎదురైతే తల దించుకుని పక్కకి తప్పుకున్నాడు. నిప్పు లేనిదే పొగ రాదు. ఇక్కడ వంటిల్లు మొత్తం పొగే.

ఆవిడకి లెక్క తేలిపోయింది. చిత్రాన్ని మార్చేశారు. అసలుది ఎవరికో చేరవేసి, నకలు తెచ్చి తగిలించారు. నకలు దించినవాడు పెద్ద పెద్దవన్నీ దించి, మూలనున్న పిట్టను మర్చిపోయాడు. సాయంత్రాలు ఆ గదిలో ఉండేది కునుకు బాబాయి కాబట్టి ఆయనకీ ఇందులో చెయ్యి ఉంది. ఆ నిద్ర నిద్ర కాదు, నటన. ఇరవై ఏళ్ళ నటన అయితే మాత్రం, మనిషన్నవాడు పట్టుదలగా చెయ్యలేడా?

"అన్నయ్యా, చిత్రం కొత్తగా ఉంది కదూ?" అని డ్యూటీ మారేటప్పుడు ఒక రాయి విసిరి చూసింది.

"నేను చూళ్ళేదమ్మా" అన్నాడాయన నిజాయితీగా. ఆ నిజాయితీ కూడా ఆవిడకి అతిగా తోచింది.

ఆ వారమే పైఆఫీసుకి మూడు పేజీల ఫిర్యాదు రాసింది. తన గదిలోని చిత్రం మారిపోయిందనీ, లోపలివాళ్ళ సాయం లేకుండా జరగదనీ, దర్యాప్తు జరిపించాలనీ. ఊదారంగులో సంతకం పెట్టి, రిజిస్టరు పోస్టులో పంపి, రసీదు బియ్యపు డబ్బాలో దాచింది.

పైఆఫీసు కదిలేదాకా చేతులు ముడుచుకు కూర్చునే మనిషి కాదు. సోమవారం చిత్రశాలకి సెలవు. సోమవారం సోమవారం ఊళ్ళోని చిత్రశాలలన్నీ గాలించడానికి బయలుదేరింది. అసలు చిత్రం ఎక్కడో ఒకచోట గోడకెక్కి ఉంటుందని ఆవిడ నమ్మకం. ఇరవై ఏళ్ళుగా చిత్రాల మధ్య బతికింది గాని, తను చూడటానికి వెళ్ళడం అదే మొదలు.

మొదట పెద్దవీధిలోని అద్దాల గ్యాలరీ. బల్ల దగ్గరున్న అమ్మాయి నవ్వుతూ మంచినీళ్ళు ఇవ్వబోతే పుచ్చుకోలేదు. గోడకీ చిత్రానికీ మధ్య సందులోకి తొంగిచూస్తుంటే అక్కడి కాపలా ఆయన లేచి వచ్చాడు. ఆవిడ నిలబడ్డ తీరు, చేతులు వెనక్కి కట్టుకున్న తీరు ఒకసారి చూశాడు.

"మీరు ఏ గ్యాలరీ అక్కా?" అని అడిగాడు.

పాము కాళ్ళు పాముకే ఎరుక. ఆవిడ గబగబా బయటికి వచ్చేసింది.

రెండోది పాత బంగళాలో ఉంది. హాలంతా ఖాళీ చట్రాలు వేలాడుతున్నాయి, ఒక్కదాన్లోనూ చిత్రం లేదు. ఆవిడ పరుగులాంటి నడకతో వెళ్ళి, బల్ల దగ్గర చదువుకుంటున్న కుర్రాడికి చెప్పింది, "నాయనా, మీకూ దొంగలు పడ్డారు. అన్నీ కోసుకుపోయారు."

"అవి అలాగే ఉంటాయండీ. అదే ఆర్టు" అన్నాడు ఆ అబ్బాయి.

తన మూడో గదిని ఎవరైనా అలా ఖాళీ చేసి, ఇదే ఆర్టు అంటే ఒప్పుకోవాల్సిందేనా అని ఆవిడకి ఒళ్ళు మండింది. ఈ ఊరంతా కలిసి దొంగలకి తలుపు తీసిపెట్టినట్టుంది.

మూడో సోమవారం, బస్సు డిపో దగ్గర దిగి రోడ్డు దాటబోతూ ఆగిపోయింది. డిపో గోడ పొడుగునా ఎవరో బొమ్మలు వేశారు. బస్సు కిటికీలూ, కిటికీల్లో మనుషులూ. ఒకడు ఆవలిస్తున్నాడు, ఒకావిడ సంచీని గట్టిగా కావలించుకుంది. గోడ కుడి చివర పిట్ట. ఎడమరెక్క పొడుగు, కుడిరెక్క పొట్టి, కింద చుక్క.

ఆవిడ చేతివేలితో కొలిచింది. సందేహం లేదు. అక్కడి నుంచి ఆ పిట్టను పట్టుకుని ఊరంతా తిరిగింది. నీళ్ళట్యాంకు స్తంభాల మీద ఒకటి. ఆసుపత్రి వెనకగోడ మీద, మంచం పక్కన కుర్చీలో కునికే బంధువు బొమ్మ పైన ఒకటి. వంతెన కింద ఒకటి. రోజూ బస్సులో ఆ దారినే పోతూ ఎప్పుడూ చూడలేదు. సంచీ చూసుకునేదానికి గోడలెలా కనిపిస్తాయి? ఆ బొమ్మలు బాగున్నాయని కూడా అనిపించింది, దొంగ చేతిలో ఇంత పనితనం ఉందే అని బాధ వేసింది. ఎవరు వేశారని వంతెన కింద టీకొట్టు ఆయన్ని అడిగితే, మూతబడ్డ ఐసు ఫ్యాక్టరీలో బొమ్మలవాళ్ళు అద్దెకుంటారు, అక్కడ అడగమన్నాడు.

ఐసు ఫ్యాక్టరీలో జానెడు మందం తలుపుల గదులు. ఒక గదిలో తీగలు వంచే ఆయన, ఒక గదిలో కుండలు చేసే ఆవిడ. అయిదో నంబరు గదికి తాళం వేసి ఉంది. మోచేతుల దాకా మట్టితో కుండలావిడ బయటికి వచ్చింది.

"పిట్ట వేసే అమ్మాయా? గోడ పనికి వెళ్ళింది. మీరెవరండీ?"

"బొమ్మ వేయించుకోవాలి" అంది ఆవిడ. పని మీదున్నప్పుడు అబద్ధం అబద్ధం కాదని ఆవిడ లెక్క.

"మంచి పనిమంతురాలండీ. చిన్నప్పుడు ఒకసారి పెద్ద చిత్రశాల చూసిందట. అక్కడి పడవ చిత్రాన్ని ఇప్పటికీ కళ్ళు మూసుకుని అచ్చు దించేస్తుంది. పాపం, వాళ్ళమ్మకి మాత్రం షాపు బోర్డులు రాస్తున్నానని చెప్పుకుందట. ఏం చెప్పినా నమ్మదట ఆవిడ."

తాళం వేసిన తలుపు పక్కన మేకుకి కుంచెలతో ఒక గుడ్డసంచీ వేలాడుతోంది. చిత్రశాల యూనిఫారం చీర పాతబడితే దానితో ఆవిడే కుట్టింది. లోపల దొంగజేబు ఉంటుంది, దానికి రెండు టిచ్ బటన్లు. చెయ్యి పెట్టి తడిమి చూసింది. ఉన్నాయి.

నకలు దించింది తన కూతురే. పిట్టను మర్చిపోలేదు, దాన్ని మాత్రం తన గుర్తుగా ఉంచేసుకుంది. ఫిర్యాదు రాసింది తను. కన్నకూతుర్ని పోలీసులకి పట్టించే కాగితం మీద తనే ఊదారంగులో సంతకం పెట్టింది.

కూతురు మూడేళ్ళుగా ఇద్దరు స్నేహితురాళ్ళతో వేరే గదిలో ఉంటోంది. ఆదివారాలు వస్తుంది. ఆ ఆదివారం వచ్చినప్పుడు ఆవిడ అన్నం వడ్డిస్తూ, "ఇప్పుడేం బోర్డు రాస్తున్నావ్?" అంది.

"మందుల షాపుదమ్మా."

"మా చిత్రశాల వైపు ఏమైనా వచ్చావా ఈమధ్య?"

"నేనెందుకొస్తాను అక్కడికి?"

నిజమే, ఏడేళ్ళప్పుడు ఒక్కసారి వచ్చాక ఆ పిల్ల మళ్ళీ ఆ గడప తొక్కలేదు. ఆవిడ ఇంకో మాట అడగబోయి మానుకుంది. ఏ జవాబు వినాల్సి వస్తుందోనని జీవితంలో మొదటిసారి భయపడింది. కూతురు చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాక, బియ్యపు డబ్బాలోంచి రసీదు తీసి ముక్కలు చేసింది. రసీదు చింపితే ఉత్తరం వెనక్కి రాదని తెలిసే చేసింది.

మర్నాడు సెలవని కూడా చూడకుండా సూపరింటెండెంటు ఇంటికి వెళ్ళి, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానంది.

"ఇప్పుడా?" అన్నాడాయన నీరసంగా. "ఎల్లుండి దర్యాప్తు ఆఫీసరు వస్తోంది. మీ పుణ్యమా అని నాకు నిద్ర లేదు. కునుకు బాబాయికి తప్ప ఎవరికీ లేదు."

బుధవారం పొద్దున మూడో గది తలుపులు వేసి, పడవ చిత్రం ముందే దర్యాప్తు మొదలుపెట్టారు. ఆఫీసరు నడివయసావిడ, మాట కరుకు. సూపరింటెండెంటు, చిత్రాల డాక్టరు, కునుకు బాబాయి, భూతద్దం అందరూ నిలబడ్డారు. ఆఫీసరు నోట్లోంచి తన కూతురి మాట ఎప్పుడొస్తుందా అని భూతద్దం చూస్తోంది.

"చిత్రం మారలేదండీ" అన్నాడు డాక్టరు తన మెల్లటి గొంతుతో. చిత్రాన్ని దింపించి, వెనక గుడ్డ మీద పాత ముద్రలు చూపించి, మళ్ళీ గోడకి పెట్టించాడు. "ఇది అసలుదే. పిట్టే అసలుది కాదు."

సంచీలోంచి ఒక పాత పుస్తకం తీశాడు. ఇరవై ఒక్క ఏళ్ళ కిందట అచ్చయింది, అందులో ఈ చిత్రానికి ఫొటో ఉంది. ఆకాశంలో పిట్ట లేదు. తర్వాత మూడేళ్ళకి అచ్చయిన కార్డు చూపించాడు. అందులో ఉంది.

"వార్నీషు మీద ఎవరో పెన్నుతో గీశారు. దుమ్ము పట్టి నల్లగా కనిపించింది. వార్నీషు తీస్తే దాంతోపాటే వచ్చేసింది. సార్‌కి అప్పుడే చెప్పాను."

సూపరింటెండెంటు కళ్ళజోడు తీశాడు. "పదేళ్ళుగా టికెట్ల మీద వేయించానండీ. బయటపడితే ఊరంతా నవ్వుతారని ఎవరికీ చెప్పొద్దన్నాను."

ఆవిడకి కట్లు తెంచినట్టయింది. నకలు లేదు. దొంగతనం లేదు. తన కూతురు దొంగ కాదు. అక్కడే కూలబడి ఏడవాలనిపించింది. అంతలో డాక్టరు చిన్న గాజుసీసా తీసి ఆఫీసరు చేతికిచ్చాడు. లోపల దూది ఉంది. పిట్టను తుడిచిన దూది.

దూది ఊదారంగులో ఉంది.

"ఆ మూడేళ్ళూ ఈ గదిలో డ్యూటీ ఎవరిది?" అంది ఆఫీసరు.

ఇద్దరిదే. అందరి చూపూ కునుకు బాబాయి మీదికి పోయింది. ఆయన చేతులు కట్టుకున్నాడు. రిటైరు కావడానికి ఇంకా ఏడాదిన్నర ఉంది.

"నేను నిద్రపోయుంటానండీ. ఆ టైములో ఎవరైనా గీసుండొచ్చు" అన్నాడు.

నింద ఆయన మీదికి ఎంత సులువుగా పోతుందో ఆవిడకి అర్థమైంది. ఆయన్ని నమ్మకూడదని ఇరవై ఏళ్ళుగా అందరి చెవుల్లోనూ పోసింది తనే. ఇప్పుడు తను నోరు విప్పక్కర్లేదు, ఊరుకుంటే చాలు. పిట్ట ఉన్న చోటు చూసి రాసుకోవడానికి ఆఫీసరు చిన్నబల్ల మీది పెన్ను అందుకుని చిత్రం దగ్గరికి నడిచింది. దారం సాగింది. కుర్చీ మీదుగా, గోడ వైపు, చట్రం కుడి అంచు దాకా తిన్నగా సాగి ఆగింది.

"ఇదెవరు కట్టారు?" అంది ఆఫీసరు విసుగ్గా.

అప్పుడు గుర్తొచ్చింది ఆవిడకి, మొత్తం ఒక్కసారిగా. ఉద్యోగంలో చేరిన ఏడాది. బడికి సెలవు, ఇంట్లో వదలడానికి ఎవరూ లేరు. పిల్లని తీసుకొచ్చి తన కుర్చీలో కూర్చోబెట్టింది, కదలకు అని చెప్పింది. పక్కగదిలో ఒక మనిషి పెద్ద సంచీతో తచ్చాడుతున్నాడు. సంచీ ఉబ్బుగా ఉంది. వాడి వెనకాలే గది గదీ తిరిగి, చివరికి అందులో ఉన్నది దుప్పటి అని తేలాక వెనక్కి వచ్చింది. పిల్ల చటుక్కున కుర్చీలో కూర్చుంది. ఆవిడ జనాన్ని చూసింది, తలుపులు చూసింది. వెనక్కి తిరిగి గోడ చూడలేదు. పుస్తకంలో టైము వేసి, 'అన్నీ భద్రం' అని రాసింది.

సాయంత్రం బస్సులో పిల్ల చెవి దగ్గర నోరు పెట్టి, "అమ్మా, నీ బొమ్మలో పిట్టను పెట్టాను. నువ్వొక్కదానివే కూర్చుంటావు కదా, నీకు తోడుంటుందని" అంది.

తన కళ్ళు కప్పి తన గదిలో గీత గీయడం ఎవరి తరం? ఇంత చిన్న వయసులో ఇంత అబద్ధమా అని, బస్సులో అందరూ చూస్తుండగా చెంప మీద ఒక్కటి కొట్టింది. పిల్ల ఏడవలేదు. కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఆ తర్వాత ఏ బొమ్మ వేసినా తెచ్చి చూపించలేదు. లోకంలో అందరినీ అనుమానించి, నిజం చెప్పిన ఒక్కరినీ పట్టుకు కొట్టింది తను.

"మేడం, అన్నయ్య తప్పేం లేదండీ" అంది ఆవిడ. "దారం కట్టింది నేను. ఊదాపెన్ను నాది. గీసింది నా కూతురు, అప్పుడు దానికి ఏడేళ్ళు. నేను కుర్చీలో లేను."

ఆఫీసరు బల్ల మీదున్న కాపలా పుస్తకం వైపు చూసింది. "మరి పుస్తకంలో ఏమని రాశారు?"

"అన్నీ భద్రం అని రాశానండీ."

ఇరవై ఏళ్ళలో ఆవిడకున్న ఆస్తి ఆ ఒక్క మాటే. ఆ గదిలో తన కన్నుగప్పి ఈగ కూడా వాలలేదన్న పేరు. అది ఆ పూటతో పోయింది. ఉద్యోగం తీసెయ్యలేదు. మూడో గది నుంచి తప్పించి, కింద సందర్శకుల సంచులు భద్రపరిచే గదిలో వేశారు. సంచులని అనుమానించే మనిషికి ఇంతకంటే తగిన శిక్ష ఉందా అని తోటివాళ్ళు ఒకటే నవ్వు.

మెట్లు దిగుతుంటే కునుకు బాబాయి వెనకాలే వచ్చాడు. "నువ్వు చెప్పకపోయినా నేను ఒప్పుకునేవాణ్ణే అమ్మా. నిద్రలో నేనేం చేశానో నాకు మాత్రం ఏం తెలుసు?"

ఆవిడ ఆయనకి దణ్ణం పెట్టింది. ఎందుకో ఆయనకి తెలియదు, ఆవిడా చెప్పలేదు.

ఆ సాయంత్రమే ఐసు ఫ్యాక్టరీకి వెళ్ళి, కుండలావిడని అడిగి, కూతురు పనిచేస్తున్న చోటికి వెళ్ళింది. బట్టల ఇస్త్రీ దుకాణాల వెనక పొడుగాటి గోడ. కూతురు నిచ్చెన మీద ఉంది. గోడ నిండా కుర్చీలు, రకరకాల కుర్చీలు, ఒక్కోదాన్లో ఒక్కో కాపలామనిషి. తల్లిని చూసి కుంచె దించింది.

"ఎవరు చెప్పారు నీకు? నా వెనకాల మనుషుల్ని పెట్టావా?"

ఆ అనుమానం ఎక్కడ నుంచి వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. ఆవిడ నిచ్చెన మొదట్లో నిలబడింది. మాటలు కూడబలుక్కుని వచ్చింది గాని, ఒక్కటే నోటికొచ్చింది.

"నువ్వు ఆ రోజు నిజమే చెప్పావు. బస్సులో కొట్టాను నిన్ను. తప్పు నాది."

కూతురు కుంచెని డబ్బా అంచుకి రెండుసార్లు రాసింది.

"ఏ బస్సమ్మా? నాకేం గుర్తులేదు" అంది.

నిచ్చెన పక్కకి జరుపుకుని, గోడ కుడి చివర రెండు గీతలు గీసింది. ఎడమరెక్క పొడుగు, కుడిరెక్క పొట్టి. కింద కుంచె కొసతో ఒక చుక్క అద్దింది.

"ఆ చుక్క దేనికే?" అంది తల్లి.

"నువ్వొస్తున్న చెప్పుల చప్పుడు వినపడి, కంగారులో పెన్ను నొక్కుకుపోయింది. అప్పటి నుంచి అది లేకపోతే పిట్ట పిట్టలా ఉండదు నాకు."

చెప్పుల చప్పుడు గుర్తున్నదానికి చెంపదెబ్బ గుర్తులేదా? అడగడానికి ఆవిడ నోరు తెరిచింది. ఎవరినైనా సరే, ఇంత తేలికపాటి అబద్ధంతో వదిలిపెట్టిన చరిత్ర ఆవిడకి లేదు. కూతురు గోడ వైపు తిరిగి, ఆరిపోయిన చుక్కనే మళ్ళీ మళ్ళీ దిద్దుతోంది.

ఆవిడ నోరు మూసుకుని, రెండు చేతులతో నిచ్చెన పట్టుకుంది.